ముక్కు మేస్త్రీ

"నీ కూతురికి చెప్పు, ఆ ఉప్పు ఇటు జరపమని."

ఉప్పు డబ్బా ఆయన చేతికి జానెడు దూరంలోనే ఉంది. అయినా భార్య వంటగదిలోంచి వచ్చి జరపాల్సి వచ్చింది.

"నిన్నటినుంచీ తండ్రీకూతుళ్ళిద్దరూ నన్ను టెలిఫోన్ చేసేశారు. నాకేమన్నా జీతమిస్తున్నారా?" అందావిడ.

ఇంట్లో నాన్న అయినా, ఫ్యాక్టరీలో ఆయన ముక్కు మేస్త్రీ. భూమిలోపలి మురుగునీటి ట్యాంకు మూత తీసి, వంగి వాసన చూసి "దిగండ్రా" అంటే దిగేవాళ్ళు, "ఆగండ్రా" అంటే ఆగేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఒక్కడికీ ఏమీ కాలేదు. అలాంటి మనిషిని, ఆర్నెల్ల కిందట అక్కడే సేఫ్టీ ఉద్యోగంలో చేరిన కూతురు నిన్న అందరి ముందూ ఆపేసింది. గాలి కొలిచే మీటరు గొట్టం అడుగుదాకా దింపి చూడందే పర్మిట్ మీద దిగేందుకు అనుమతిగా సంతకం పెట్టనంది. ఆ గొడవా, కొలతా తేలేసరికి పొద్దుపోయి, పని ఇవాళ్టికి వాయిదా పడింది.

"పదిమందిలో నా పరువు తీశావే!" ఇక ఉండబట్టలేక నేరుగానే అరిచాడు మేస్త్రీ. "నిన్ను చదివించింది ఈ ముక్కేనని మర్చిపోయావా?"

"మర్చిపోలేదు నాన్నా. అందుకే నువ్వు మళ్ళీ ఇంటికి రావాలనుకుంటున్నా. అన్ని విషాలకూ వాసన ఉండదు."

"నాకు పాఠాలు చెప్పకు!" కంచం తోసేసి వెళ్ళిపోయాడు. ఆ మాట తనకే చేదుగా తగిలింది కానీ, వెనక్కి తిరగలేదు.

ట్యాంకు దగ్గర నీళ్ళు తోడే పెట్రోలు పంపు అప్పటికే నడుస్తోంది. లోపలికి గాలి కొట్టే బ్లోయరు ఎండలో ఉందని, మేస్త్రీ దాన్ని పంపు పక్కకు, నీడలోకి లాగించాడు. అరగంట పోయాక వంగి వాసన చూశాడు. కాస్త పొగ వాసన. పంపు పక్కన నిలబడితే ఆ మాత్రం ఉండదా మరి! అక్కడే పనిచేసే పెద్దల్లుడు నడుముకు తాడు కట్టుకుని నిచ్చెన మీద కాలు పెట్టబోయాడు.

"బావా, ఆగు!" మీటరుతో వచ్చిన కూతురు గొట్టాన్ని అడుగుదాకా దింపింది. నిమిషం తిరక్కుండానే మీటరు కీచుమంది.

"మళ్ళీ మొదలెట్టావా?" మేస్త్రీ మండిపడ్డాడు. "లోపల కుళ్ళు వాసనే లేదు!"

"ఇది కుళ్ళు కాదు నాన్నా. ఇంజను పొగలో ఉండే విషం. దీనికి వాసనుండదు. నిన్న లేదు, ఇవాళ ఎక్కణ్ణించి వచ్చింది?"

మేస్త్రీ తల తిప్పి చూశాడు. పంపు వదులుతున్న పొగ తిన్నగా బ్లోయరు నోట్లోకి పోతోంది. అక్కణ్ణించి ట్యాంకులోకి. అక్కడే ఇంకో నిమిషంలో అల్లుడు ఉండేవాడు.  మేస్త్రీ గట్టు మీద కూలబడి, వెంటనే పైకి లేచాడు.

"అందరూ ఇటు రండ్రా! ఆ బ్లోయర్ని అక్కడ పెట్టించింది నేను. నా చేత్తోనే నా అల్లుడికి విషం పట్టబోయాను. ఈ ముక్కుకు ఆ సంగతే తెలీలేదు." కూతురి వైపు చెయ్యి చూపించాడు. "ఇవాళ్టినుంచి మా అమ్మాయి సంతకం పెట్టందే ఎవడూ దిగడు. నాతో సహా!"

ఇంజను ఆపించాడు. బ్లోయర్ని తనే మోసుకెళ్ళి, గాలి వచ్చే వైపున దూరంగా పెట్టాడు. గంట ఆగి కూతురు పైన, నడిమిన, అడుగున మూడుచోట్లా కొలిచింది. అంతసేపూ ఒక్కడు గొణిగితే ఒట్టు! పర్మిట్ మీద ఆమె సంతకం పెడుతుంటే అల్లుడు ఈలేశాడు.

సాయంత్రానికి ట్యాంకు అద్దంలా తయారైంది. నలుగురు దిగారు, నలుగురూ ఎక్కారు. ఆఖరున వచ్చిన మేస్త్రీకి కూతురు చెయ్యందించింది. తన చేతినిండా బురదే అయినా, ఆయన ఆ చెయ్యి వదల్లేదు.

"లోపల గాలెలా ఉంది నాన్నా?" కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"నన్నడుగుతావేం?" నవ్వాడు ముక్కు మేస్త్రీ. "నీ మీటర్నడుగు. పద, ఆకలేస్తోంది. ఇవాళ ఉప్పు నువ్వే వడ్డించాలి."