ఎనభై ఆరు శాతం దెయ్యం

వీధి చివరి ఆ ఇంటికి మంచి పేరు లేదు. నాలుగేళ్లుగా ఖాళీ. అద్దెకు దిగినవాళ్లు నెల తిరక్కుండానే సామాను సర్దుకున్నారట. ఎందుకని అడిగితే ఇరుగుపొరుగు మాట మార్చేస్తారు. కానీ ఫోన్‌లో మ్యాప్ తెరిచి ఆ ఇంటి మీద వేలు పెడితే మాత్రం... ముప్పై ఒక్క మంది రాసిన ముప్పై ఒక్క అనుభవాలు.

మనుషులు చెబితే ఒక్క మాటా నమ్మని వాడొకడు ఆ ముప్పై ఒకటీ నమ్మాడు. వాడి కథే ఇది. వాళ్లక్క చెబుతుంటే విన్నది.

వాణ్ని అందరూ ‘శాతం’ అంటారు. వాన పడుతుందా అంటే కిటికీలోంచి చూడడు. ఫోన్ చూసి “ఇరవై శాతమే” అంటాడు, తడిసి ముద్దయి వస్తాడు. అలాంటివాడు కౌజు పిట్టల పెంపకానికి దిగాడు. నూట ఎనభై గుడ్లు, కరెంటుతో నడిచే పొదిగే పెట్టె ఒకటి. ఇంట్లో చోటు లేదు. ఆ ఖాళీ ఇంటివాళ్లు రెండు నెలలు ఊరికే వాడుకోమన్నారు. పగలే వెళ్లొస్తే సరిపోతుందని లెక్క వేసుకున్నాడు. వాడి లెక్క నమ్మి అక్క కుట్టు దుకాణంలో పని మానేసింది. ఆమె మిషను ముందు అప్పుడే వేరే అమ్మాయి కూర్చుంది. గుడ్లు పోతే అక్కకు వెనక్కి వెళ్లే దారి లేదు.

గుడ్లు అమ్మిన పెద్దమ్మ వేళ్లు మడుస్తూ ఏదో చెప్పబోయింది. “నెట్‌లో అంతా ఉంది పెద్దమ్మా,” అని ఫోన్ ఆవిడ ముఖం ముందు పెట్టాడు. పొదగడానికి ఇరవై ఒక్క రోజులని పట్టికలో లావు అక్షరాలతో ఉంది.

పదిహేడో రోజు. రాత్రి తొమ్మిది దాటింది.

ఫోన్ గుర్రుమంది — “గదిలో కదలిక గమనించాం.”

వీడు అన్నం ముద్ద కంచంలో వదిలేశాడు. తాళం వేసిన ఇల్లు. పిల్లలు రావడానికి ఇంకా నాలుగు రోజులు. మరి కదిలిందేమిటి?

పెట్టెకు ఎదురుగా ఆ రోజే బిగించిన కెమెరాలో చూద్దామంటే కోడ్ అడిగింది. కోడ్ అక్క ఫోన్‌కు వెళ్తుంది. భద్రత కోసమని అలా పెట్టింది వీడే. అక్క పిన్ని వాళ్లింట్లో ఉంది, ఫోన్ ఎత్తలేదు. నాలుగుసార్లు నొక్కాడు. తెర మీద గుండ్రం తిరిగింది... తిరుగుతూనే ఉంది.

పెట్టె మూత ఎవరైనా తీసి ఉంటే? గుడ్లన్నీ చల్లబడిపోతాయి.

వెళ్లాడు.

తాళం తీశాడు. ఫోన్ లైటు వేద్దామని బొటనవేలు పెట్టాడో లేదో, దానికి అప్‌డేట్ గుర్తొచ్చింది. తెర నల్లబడింది. ‘నాలుగు శాతం... దయచేసి ఆపకండి.’

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాడికి ‘శాతం’ అన్న మాట మీద విరక్తి పుట్టింది.

చీకటి. లోపలి గదిలో పెట్టె తాలూకు ఎర్ర చుక్క ఒక్కటే. సాయంత్రం చదివిన ‘దెయ్యాన్ని పట్టిచ్చే ఏడు గుర్తులు’ వద్దన్నా వరసగా తలలోకి వచ్చాయి. ఎవరూ ఉండని ఇల్లు — సరే. నేల మీద కారణం లేని తడి — మూడు రోజులుగా చూస్తున్నాడు. పెట్టిన వస్తువులు చోటు మారడం — గుడ్ల పళ్లేలు మారాయి. యంత్రాలు వాటంతటవే ఆగిపోవడం — గుడ్లు తిప్పే మర ఆగింది. చేతిలో ఫోన్ చచ్చిపోవడం... ఏడింట అయిదు. డెబ్బై ఒక్క శాతం.

టక్.

ఊపిరి బిగబట్టాడు.

టక్... టక్... గోటితో గీకినట్టు. ఆ వెనకే సన్నగా... ఏడుపు.

ఆరు. ఎనభై ఆరు శాతం.

కాళ్లు వాకిలి వైపు తిరిగాయి. అక్క మిషను ముందు కూర్చున్న ఆ అమ్మాయి గుర్తొచ్చింది. కాళ్లు మళ్లీ గది వైపు తిరిగాయి. ఒక అడుగు... ఇంకొకటి. ఇక మిగిలింది ఏడో గుర్తు. అది మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తుంది.

“శాతం...”

చెవి పక్కనే.

వాడు గోడకు కరుచుకుపోయాడు. కళ్లు మూసుకుని అరిచాడు. “అమ్మా... వదిలెయ్ తల్లీ... రెండు నెలలే ఉంటాం...”

“ఎవర్రా నీకు తల్లి? జరుగు.”

టార్చిలైటు వెలిగింది. అక్క.

“నువ్వా? ఎలా వచ్చావు?”

“పావుగంటలో నాలుగు కోడ్‌లు పంపితే ఎవరైనా వస్తారు. ఇలా చూడు.”

పెట్టె అద్దంలోంచి చూశాడు. పెంకుల మధ్య బొటనవేలంత పిల్లలు, చారలు చారలుగా, తడితడిగా, ఒకదాని మీద ఒకటి తూలుతున్నాయి. ఇంకా రానివి లోపలినుంచి ముక్కుతో కొడుతున్నాయి. టక్... టక్...

“ఇంకా నాలుగు రోజులుంది కదే,” అన్నాడు, పిల్లలదే తప్పన్నట్టు.

“పెద్దమ్మ పదిహేడంది.”

“ఎప్పుడు?”

“నువ్వు ఆవిడకు ఫోన్ చూపిస్తున్నప్పుడు నేను ఆవిడ వేళ్లు చూశాను. నీకు చెబితే పట్టిక తీస్తావు. అందుకే మూడు రోజులుగా నేనే రెండో తాళంచెవితో వచ్చి మర ఆపేసి, పళ్లేలు సర్ది, పెట్టెలో నీళ్లు పోసి వెళ్తున్నా. తేమ లేకపోతే పెంకుకు అతుక్కుని చచ్చిపోతాయట.”

తడి. పళ్లేలు. మర. వాడు మనసులోనే మూడు గుర్తులు కొట్టేశాడు.

తెల్లారి లెక్కపెడితే నూట నలభై నాలుగు పిల్లలు. ఎనభై శాతం. వాడు పట్టికను మొదటిసారి కిందిదాకా జరిపి చూశాడు. అడుగున చీమ తలకాయంత అక్షరాలు: ‘ఇది కోడిగుడ్లకు మాత్రమే.’ అక్కకు చూపించలేదు.

ఆ తర్వాత అలవాటుగా మ్యాప్ తెరిచాడు. ఇంటి మీద కొత్త అనుభవం, ముప్పై రెండోది. “నిన్న రాత్రి ఇటుగా వస్తున్నాను. లోపల వంద మంది పసిపిల్లల ఏడుపు. ‘అమ్మా వదిలెయ్ తల్లీ’ అని ఒక మగగొంతు. ప్రాణం మీద తీపి ఉంటే అటు వెళ్లకండి.”

వాడి ఒళ్లు జలదరించింది. “చూశావా అక్కా? నేను చెబితే నమ్మవు.”

అక్క పిల్లలకు నీళ్లు పెడుతూ తలెత్తలేదు. “ఎన్నింటికట?”

“తొమ్మిదిన్నరకు...”

అక్కడ ఆగిపోయాడు. అప్పటికే దాని కింద ‘ఉపయోగపడింది’ అని నొక్కేశాడు.