ఊపిరి ముందా, మాట ముందా

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఫోన్ పెట్టేసేముందు ఎవరూ "సరే" అనేవారు కాదు. "ఉంటా మరి" అనేవారు, లేకపోతే చిన్నగా దగ్గి ఊరుకునేవారు. కూరగాయల బండి దగ్గర బేరం కుదిరితే తల ఊపేవారు. ఆ మాట నోట రాకుండా చూసుకోవడం బడిలో పిల్లలకు అక్షరాలతో పాటే నేర్పేవారు. పిల్లలు తొందరగానే నేర్చుకున్నారు. ఇబ్బందంతా పెద్దవాళ్ళకే.

మౌఖిక సమ్మతి చట్టం వచ్చి అప్పటికి ఒక తరం కావస్తోంది. సంతకాలు, ఓటీపీలు, వేలిముద్రలు అన్నీ పోయాయి. ప్రతి ఇంట్లో, ప్రతి బస్సులో, ప్రతి లిఫ్టులో గోడలోంచి ఒక గొంతు మాట్లాడేది. జనం దాన్ని ఇంటిగొంతు అనేవారు. బియ్యం నిండుకుంటే అదే చెప్పేది. "తెప్పించనా? సరేనా?" అని అడిగేది. మనిషి "సరే" అంటే చట్టం ప్రకారం ఒప్పందం కుదిరినట్టే. అడిగిన ప్రశ్నను, వచ్చిన "సరే"ను ఇంటిగొంతు ఎప్పటికీ భద్రపరచాలి. రేపు ఎవరైనా కాదంటే అదే రుజువు.

చట్టం రాసినవాళ్ళు ఒక సంగతి మరిచిపోయారు. తెలుగువాళ్ళు ఒప్పుకున్నప్పుడే సరే అనరు. విసుగొచ్చినా సరే అంటారు, సగం వినబడకపోయినా సరే అంటారు, వాదన ఆపడానికీ సరే, లేచి వెళ్ళిపోవడానికీ సరే.

నీలవేణి ఆడపడుచు కమలిని ఒకసారి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ "సరే సరే, పెట్టెయ్" అంది. సరిగ్గా అప్పుడే గోడలోని గొంతు కొత్త పరుపు సంగతి అడుగుతోంది. మర్నాడు రెండు పరుపులు వచ్చాయి.

"రెండుసార్లు అన్నానట వదినా," అని కమలిని మొత్తుకుంది. "ఒకదాని మీద ఒకటి వేశాను. మంచం ఎక్కాలంటే స్టూలు కావాలిప్పుడు."

నీలవేణి ఆ రోజు నవ్వింది. భర్త పురుషోత్తం పోయాక ఆమె నవ్వడం కమలిని చూడడం అదే మొదలు.

నీలవేణి పనిచేసే ధ్వని పరిశోధనశాలకు వెళ్ళే దారిలో టీ కొట్టు ఉంది. అక్కడ ఇదే వాదన రోజూ నడిచేది.

"ప్రభుత్వం ఏం చేస్తోందయ్యా? గుడ్లప్పగించి చూస్తూ కూర్చుందా?"

"ప్రభుత్వం వచ్చి నీ నోరు పట్టుకోవాలా? అన్నది నువ్వు. ఆ ఒక్క మాట మింగలేవా?"

"నీకేం, నీ పెళ్ళాం నిన్ను మాట్లాడనిస్తే కదా!"

"అందుకేగా నేనింతవరకూ ఒక్క పరుపూ కొనలేదు!"

నవ్వులు లేచేవి. నీలవేణి టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, కొట్టువాడికి తల ఊపి వెళ్ళిపోయేది. ఆమె ఆ వాదనలో ఎన్నడూ కలగజేసుకోలేదు.

పురుషోత్తం పోర్టులో క్రేన్ నడిపేవాడు. ఎవరేమన్నా సరే అనేవాడు. సెలవు మార్చుకుందామంటే సరే, ఎండలో ఇంకో షిఫ్టు చెయ్యమంటే సరే. తోటివాళ్ళు ఆయనను "సరే గారూ" అని పిలిచేవారు. దానికీ ఆయన సరే అనే తల ఊపేవాడు. నలభై అయిదు దాటాక గుండె లయ తప్పడం మొదలైంది. డాక్టర్లు ఛాతీలో గుండెతోడు అనే చిన్న పరికరం అమర్చారు. రాత్రిపూట గుండె తడబడితే అది మనిషిని లేపుతుంది, అంబులెన్సును పిలుస్తుంది. ఈ ఏర్పాటుకు రాత్రి కాపలా అని పేరు.

కొన్నాళ్ళకు రాత్రి కాపలా నడపడం ఆ పరికరం కంపెనీకి భారమైంది. కాపలా తీసెయ్యమంటారా అని వాళ్ళ తరఫున ఇంటిగొంతు ఒక సాయంత్రం పురుషోత్తాన్ని అడిగింది. ఆయన సరే అన్నాడు. నెల తిరగకముందే ఒక రాత్రి నిద్రలో గుండె ఆగింది. ఏదీ మోగలేదు. పక్కనే పడుకున్న నీలవేణికి తెల్లవారాకే తెలిసింది.

కాపలా ఎందుకు తీసేశారని అడిగితే కంపెనీ ఆ "సరే"ను వినిపించింది. వినియోగదారుడి ఇష్టం అంది. కోర్టు కూడా అదే అంది. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ప్రభుత్వం తలదూర్చదని మంత్రి ప్రకటన ఇచ్చాడు.

నీలవేణి మనుషుల గొంతుల మీద పాతికేళ్ళు పనిచేసిన శాస్త్రవేత్త. ఏడుస్తూ కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. తన భర్త "సరే"కు అర్థమేమీ లేదని లోకమంతటికీ తెలుసు. ఆ సంగతి యంత్రానికి మాత్రమే తెలియదు. కనుక యంత్రానికి తెలిసేలా చెయ్యాలనుకుంది. ఆమె, ఇమ్మానుయేలు కలిసి ఆరేళ్ళు పనిచేశారు. ఇమ్మానుయేలు ఆమెతో పాటే ఆ పరిశోధనశాలలో చేరినవాడు, ఊపిరి కదలికలు చదవడంలో దిట్ట. వాళ్ళు తయారుచేసిన దానికి సమ్మతిమాపకం అని పేరు పెట్టారు. పత్రికలవాళ్ళు సరే మీటర్ అన్నారు, జనంలో ఆ పేరే నిలిచింది.

చూడడానికి అరచేతిలో పట్టే బిళ్ళ. దాని సూత్రాన్ని ఇమ్మానుయేలు ఎవరికైనా ఒకే తీరున చెప్పేవాడు.

"మనిషి మనసారా ఒప్పుకుంటే ముందు ఊపిరి వదులుతాడు, తర్వాత మాట అంటాడు. ఇష్టంలేక ఒప్పుకుంటే ఊపిరి బిగబట్టి మాట అనేస్తాడు, ఆ తర్వాత వదులుతాడు. ఊపిరి ముందా, మాట ముందా, అంతే. తేడా రెప్పపాటులో వందో వంతు ఉంటుంది. చెవికి అందదు, సెన్సర్‌కు అందుతుంది."

ఊపిరి ముందైతే బిళ్ళ పచ్చగా వెలుగుతుంది. మాట ముందైతే ఎర్రగా. అయితే ఒక్కొక్కరి ఊపిరి ఒక్కో తీరు కాబట్టి, ముందు ఆ మనిషి మామూలుగా ఇంట్లో అనే "సరే"లు కొన్ని వినిపించి యంత్రాన్ని అలవాటు చెయ్యాలి. దీన్ని వాళ్ళు కాలిబ్రేషన్ అనేవారు.

చివరికి ప్రభుత్వం సమ్మతి విచారణ కమిషన్ వేసింది. మొదటి కేసుగా పురుషోత్తానిదే తీసుకుంటామంది. ఆ "సరే" ఎర్రగా తేలితే చట్టం నిలవదని అందరూ అనుకున్నారు. నీలవేణికి చట్టం సంగతి తర్వాత. ఆయన తన చావుకు తానుగా ఒప్పుకోలేదని ఒక్కసారి ఎవరైనా పైకి చెప్పాలి. ఆమెకు కావలసింది అదే.

విచారణకు ముందటి వారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇద్దరూ పరిశోధనశాలలో కూర్చున్నారు. ఇంటిగొంతు నుంచి పురుషోత్తం "సరే"లన్నీ తెప్పించారు. కంపెనీలు అడిగినవాటికే కాదు, ఆ గదుల్లో ఎవరడిగినవాటికైనా సరే అంటే అది దాచేది. కాబట్టి అడిగిన గొంతుల్లో ఎక్కువ భాగం నీలవేణిదే.

మొదటిది వినిపించింది. "ఇవాళ దొండకాయ వేపుడు చేస్తున్నా, సరేనా?" నీలవేణి గొంతే, పదిహేనేళ్ళ కిందటిది. "సరే." బిళ్ళ ఎర్రగా వెలిగింది.

ఇమ్మానుయేలు నవ్వాడు. "పాపం, దొండకాయ ఇష్టం లేదన్నమాట."

"వారానికి రెండుసార్లు వండేదాన్ని," అంది నీలవేణి.

"కాకినాడ వదిలేసి విశాఖ వెళ్ళిపోదాం. నా ఉద్యోగం అక్కడే కదా. సరేనా?" "సరే." ఎరుపు.

"ఆ హార్మోనియం ఎవరికైనా ఇచ్చేద్దామండీ. చోటెక్కడుంది? సరేనా?" "సరే." ఎరుపు.

"ఇంకో బిడ్డ వద్దనుకుందాం. ఉన్న ఒక్కదాన్నీ బాగా పెంచుకుందాం. సరేనా?"

ఈసారి మాటకు ముందు కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత "సరే" అన్నాడు. ఎరుపు.

ఇమ్మానుయేలు నవ్వడం మానేశాడు. ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. ఏ ఊరు వెళ్దాం, ఏ రంగు వేయిద్దాం, కూతురిని ఏ చదువులో వేద్దాం. అన్నిటికీ అదే మెత్తని మాట, అదే ఎర్ర వెలుగు. "ఇక చాలు మేడమ్, కాలిబ్రేషన్‌కు ఇవి సరిపోతాయి," అన్నాడు ఇమ్మానుయేలు.

"కానివ్వండి, చివరిది కూడా పెట్టండి," అంది ఆమె. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

ఇంటిగొంతు మర్యాదగా అడిగింది. "పురుషోత్తం గారూ, రాత్రి కాపలా ఉన్నన్నాళ్ళూ మీ గుండె తడబడినప్పుడల్లా మిమ్మల్ని లేపుతూనే ఉంటాం. తీసేస్తే ఇక మిమ్మల్ని ఎవరూ లేపరు. తీసెయ్యమంటారా? సరేనా?"

ఒక ఊపిరి వినిపించింది. సెన్సర్ అక్కర్లేదు, చెవికే అందింది. బరువు దించి గట్టు మీద కూర్చున్న మనిషి వదిలే ఊపిరి. తర్వాత "సరే" అన్నాడు.

బిళ్ళ పచ్చగా వెలిగింది.

ఇమ్మానుయేలు యంత్రాన్ని ఆపి, తీగలు చూసి, మళ్ళీ పెట్టాడు. పచ్చగానే వెలిగింది. మూడోసారి పెట్టబోతే నీలవేణి చెయ్యి అడ్డం పెట్టింది.

"యంత్రంలో లోపం ఉండొచ్చు మేడమ్."

"లేదు. మనం చేసిందే కదా."

ఇమ్మానుయేలు గొంతు తగ్గించాడు. "ఈ కేసు వెనక్కి తీసుకుందాం. కమలిని గారి పరుపుల కేసు పెడదాం. అది తప్పక ఎర్రగానే వస్తుంది. ఇలాంటివి వేలున్నాయి. ఈ ఒక్కటీ ఎవరికీ తెలియనక్కర్లేదు."

"మనకు కావలసినట్టు వచ్చినవే చూపిస్తే, ఇది మాపకం ఎలా అవుతుంది ఇమ్మానుయేలు గారూ?" అంది ఆమె. బిళ్ళను గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టింది. "ఎర్రవన్నీ నేను అడిగినవే. చూశారా? కంపెనీ ఆయన చేత ఒక్కసారే అనిపించింది. ఆ ఒక్కటీ నిజం."

ఇమ్మానుయేలు తీగలు చుట్టసాగాడు.

"నాకు తెలియక కాదు," అంది మళ్ళీ. "హార్మోనియం ఇచ్చేసిన రోజు ఆయన అన్నం తినలేదు. నాకు తెలుసు. సరే అన్నారు కదా అనుకున్నాను."

విచారణ కలెక్టరేటు పక్కనున్న పాత భవనంలో జరిగింది. కమిషన్ అధ్యక్షురాలు మంగతాయారు గారు నెమ్మదస్తురాలు, ఎవరినీ కసురుకోని మనిషి. బల్ల మధ్యలో బిళ్ళ పెట్టారు. గదిలో ఎవరు సరే అన్నా అది పట్టుకునేలా ముందే అందరి గొంతులూ అలవాటు చేశారు. పురుషోత్తం "సరే" వినిపించారు. పచ్చ వెలుగు చూసి వెనక బెంచీ మీద కమలిని "అయ్యో అన్నయ్యా" అంది, పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

కంపెనీ లాయరు గొంతు పెంచలేదు. "మేం ఆయనను మోసగించలేదని పిటిషనరు గారి యంత్రమే చెప్పింది. వారి దుఃఖం పట్ల మాకు గౌరవం ఉంది."

తర్వాత ఇమ్మానుయేలు పరుపుల "సరే" వినిపించాడు. ఎరుపు. బియ్యం, బీమా, ఫోన్లు, మందులు, ఇంకా ఎన్నో ఫిర్యాదులు. దాదాపు అన్నీ ఎరుపే. గదిలో గుసగుసలు మొదలయ్యాయి.

"ప్రతి ఇంట్లో ఈ యంత్రం తప్పనిసరి చెయ్యాలండీ," అన్నాడు ఇమ్మానుయేలు. "ఎర్రగా వెలిగితే ఆ ఒప్పందం చెల్లకూడదు."

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అంటే ప్రభుత్వం ప్రతి ఇంటి గోడలో కూర్చుని ఎవరి మనసులో ఏముందో కొలవాలా? రేపు పన్నులకు సరే అన్నవాళ్ళందరూ ఎర్రగా వెలిగితే ఏం చెయ్యమంటారు?"

నవ్వులు వినిపించాయి.

భోజనాల వేళ దాటిపోయింది. పైన ఫ్యాను తిరుగుతున్నా గది ఉక్కగా ఉంది. సభ్యులు కాసేపు తలలు దగ్గరచేసి మాట్లాడుకున్నారు. తర్వాత అధ్యక్షురాలు చదివింది. యంత్రం మెచ్చుకోదగ్గది. పెట్టుకోదలచిన కంపెనీలు తమంత తాము పెట్టుకోవచ్చు, కొనదలచినవాళ్ళు కొనుక్కోవచ్చు. ఎవరినీ బలవంతపెట్టేది లేదు. చట్టం యథాతథంగా ఉంటుంది. పిటిషన్ ఇంతటితో ముగిస్తున్నాం.

"దీనికి పిటిషనరు సమ్మతి కావాలి," అంది. గొంతులో దయ ఉంది. "మీ కేసులో తేలిన సంగతి మీరే చూశారు. ఇంకా లాగడం మీకూ కష్టమే. ముగించేద్దాం నీలవేణి గారూ. సరేనా?"

వెనక నుంచి కమలిని గట్టిగానే అంది. "వదినా, కాదను!"

నీలవేణి కాదనడానికే లేచింది. అందరూ ఆమె వైపు చూస్తున్నారు. లాయరు కాగితాలు సర్దుకుంటున్నాడు, గుమస్తా కలం పట్టుకుని ఉన్నాడు. కాదంటే మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలి. ఆ పచ్చ వెలుగు చూపించి, ఆ ఊపిరి వినిపించి, నా భర్త ఒప్పుకున్నది నిజమే, అయినా అని మొదలుపెట్టాలి. ఆ అయినా తర్వాత ఏమనాలో ఆమెకు తెలియలేదు. ఛాతీలో ఊపిరి బిగుసుకుంది. ఇంట్లో తను అడిగినప్పుడల్లా ఆయనకు ఇలాగే ఉండేదా అనిపించింది.

"సరే," అంది.

బల్ల మీద బిళ్ళ ఎర్రగా వెలిగింది.

అందరూ చూశారు. లాయరు చూశాడు. గుమస్తా కలం ఎత్తి ఆగాడు. ఇమ్మానుయేలు లేచి నిలబడి, "మేడమ్, అది..." అని బిళ్ళ వైపు వేలు చూపించాడు. మంగతాయారు గారు కూడా ఆ ఎర్ర వెలుగును చాలాసేపు చూసింది. తర్వాత కళ్ళజోడు తీసుకుని పెట్టుకుంది.

"సరే అన్నారు కదా," అంది గుమస్తాతో. "రాసుకోండి."