ఎర్రదిన్నె గుంత

సోమవారం పొద్దున పదింటికి ప్రేమమ్మ కర్నూలులో జయపాల్ ఆఫీసు మెట్లెక్కింది. కింద దర్జీ షాపు, పైన ఒకటే గది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా యాయన జ్ఞానరాజును చంపినారు సారూ. చంపింది మా తమ్ముడని వాన్ని పట్టుకపోయినారు. నాకు ఇద్దరూ పాయె."

జయపాల్‌కు అరవై దగ్గర పడ్డాయి. వేలిముద్రల శాఖలో ఇరవై ఏండ్లు చేసి మానుకొని, సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నాడు. మాట తక్కువ. సహాయకురాలు యామిని లా చదివింది. తనకు కనపడనిది ఈయనకు ఎట్లా కనపడుతుందా అని ఆరేండ్లుగా చూస్తూనే ఉంది.

"మొదటినుంచి చెప్పమ్మా" అన్నాడు జయపాల్.

ప్రేమమ్మ చెప్పింది. ఆమెది డోన్ దగ్గర ఎర్రదిన్నె. భర్త డోన్‌లో హర్షవర్ధన్ షాపులో పని. భూమిలో లోహాన్ని పసిగట్టే మిషన్లు అమ్మే షాపు అది. కొనడానికి వచ్చినవాళ్లకు మిషన్ నడిపి చూపించడం జ్ఞానరాజు పని. తమ్ముడు అరుణ్ కుమార్ ఎదురు షాపులో, సుబ్బయ్య దగ్గర, అదే పని చేస్తాడు. వానలు పడి వజ్రాల కోసం జనం చేలమీద పడే కాలం కాబట్టి రెండు షాపులకూ గిరాకీ. పోటీ కూడా అంతే.

"శుక్రవారం మధ్యాహ్నం మా యాయన ఇంటికొచ్చినాడు. కలుపు తీసేటప్పుడు చేన్లో నా కమ్మ పడిపోయింటే, మిషన్ పెట్టి చూడు అని నేనే పంపినా." ఆమె చెయ్యి బోసిగా ఉన్న చెవి దగ్గరికి పోయి దిగింది. "మల్లా రాలే. శనివారం తెల్లారి మేకలోళ్లు చూసినారు. గుంత పక్కన పడిండాడు. తలకాయ పగిలింది. గుంతలో కుండ పెంకులు. మిషన్ లేదు."

"తమ్ముడి మీద అనుమానం ఎందుకు?"

"నెత్తురంటిన గడ్డపార వానిది. మా యాయన అడిగి తెచ్చుకున్యాడు. పోయిన వారం బజార్లో, 'మా మిషన్‌ను ఇంకోసారి రేకుడబ్బా అంటే నీ నెత్తి పగలగొడతా బావా' అన్యాడంట. ఆ మాటనే పట్టుకున్యారు. బావాబామ్మర్దులు సారూ. ఆ మాట అని ఇద్దరూ ఒకే పేపర్లో బోండాలు తిన్యారు. ఇప్పుడు నిధి కోసం చంపినాడంట. కడప జైల్లో పెట్టినారు."

చేతిలోని కాగితం బల్ల మీద పెట్టింది. రంగుల కరపత్రం. 'ఎర్రదిన్నె నిధిని పట్టిన భూనేత్ర. బంగారం, వజ్రం, ఇరవై అడుగుల లోతు. రూ.3,20,000 మాత్రమే.'

"మా యాయన శవప్పెట్టె ఇంట్లో ఉండంగానే ఇది పంచినారు" అంది.

జయపాల్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని లేచాడు.

*

హర్షవర్ధన్ షాపు అద్దాలతో మెరుస్తోంది. మనిషి కూడా అంతే. లోపల పదిమంది నిలబడి బేరమాడుతున్నారు.

"జ్ఞానరాజు మా కుటుంబం మనిషి సార్" అన్నాడు. "ఆ రోజు ఆయన చేతిలో ఉన్నది భూనేత్రే. తెర మీద బంగారం అని పడి ఉంటుంది. అందుకే తవ్వాడు."

"మీరు చూశారా?"

"చూడాలా సార్? మా మిషన్ కాకపోతే ఇంకేది పడుతుంది?"

"పోయిన వారం ధర ఎంత?"

"రెండు ఎనభై. ఇప్పుడు డిమాండ్ ఉంది."

ఎదురు షాపులో సుబ్బయ్య ముసలివాడు, చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి. ఆయన మిషన్‌కు తెర లేదు, పేరు లేదు. లోహం తగిలితే కూస్తుంది. నలభై ఐదు వేలు.

"వాని మాట నమ్మద్దప్పా" అన్నాడు. "ఆ దినం పోయింది నా మిషన్. నా షాపులో ఒకటి తక్కువుండాది. అరుణ్ గాడు బావకు నాకు చెప్పకుండా ఇచ్చింటాడు. నిధిని పట్టింది నాదే. నలుగురిలో ఈ మాట చెప్పు."

"ఆ మాట చెబితే నీ పనివాడి మెడకు ఇంకా బిగుస్తుంది. మిషన్ ఇచ్చి పంపి వెనకే పోయాడంటారు."

సుబ్బయ్య తల గోక్కున్నాడు. "అది కూడా ఉండాదిలే" అన్నాడు.

బయటికొచ్చాక యామిని అంది, "ఒక మనిషి చచ్చిపోయాడు, ఒకడు జైల్లో ఉన్నాడు. వీళ్లకు ఏ మిషన్ కూసిందన్నదే కావాలి సార్."

"నిధి ఉందని ఇద్దరూ నమ్మారు. నమ్మితే సరుకు అమ్ముడుపోతుంది. మనకు ఆ తొందర లేదు" అన్నాడు జయపాల్.

*

ఎర్రదిన్నెలో జ్ఞానరాజు చేను రెండెకరాలు, వాళ్ల నాయన కాలం నాటి పట్టా. పక్కనే తిమ్మయ్య చేను, పదెకరాల వేరుశనగ, మొలిచి నెల కాలేదు. రెండింటి మధ్య గట్టు. రోడ్డు దగ్గర ఒక హద్దురాయి, గట్టు నడుమ ఒకటి, నీళ్ల వంక దగ్గర ఒకటి. గట్టు తిన్నగా లేదు. నడిమి రాయి దగ్గర జ్ఞానరాజు చేను వైపు పొట్ట ఉబ్బినట్టు వంగింది. యామిని దాని బొమ్మ గీసుకుంది.

గుంత గట్టు మీద లేదు. తిమ్మయ్య చేనులోకి ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. మోకాలి లోతు. తవ్విపోసిన మట్టిలో బొగ్గు ముక్కలు, బరువైన నల్లటి గడ్డలు రెండు. జయపాల్ వాటిని చేత్తో తూచి చూసి అక్కడే పెట్టాడు. కుండ పెంకులు ఏరాడు. వెలుపల మసి. ఒక పెంకు మీద, ఆ మసి పైన, తెల్లటి సున్నపు చుక్క.

"నిధి ఉన్న కుండ అంట సార్" అంది యామిని.

"పొయ్యి మీద కాలిన కుండ" అన్నాడు ఆయన.

తిమ్మయ్య చేను మధ్యలో ఒక కర్ర నాటి ఉంది. దాని మీద ఏమీ లేదు. తిమ్మయ్య భార్య రామసుబ్బమ్మ అక్కడే కలుపు తీస్తోంది. యామిని పోయి పక్కన కూర్చుంది.

"పైరు బాగుందమ్మా. దిష్టికుండ పెట్టలేదే?"

"పెట్టకేం పాపా. శుక్రవారం మధ్యాహ్నం అన్నం దించినాక కుండకు నెర్రె యిడిసింది. సున్నం చుక్కలు పెట్టి మా యాయనకు ఇస్తి, కర్రకు బోర్లించమని. ఎవడు ఎత్తుకపాయెనో ఏమో. ఈ గలాటాలో అడిగేదానికి గూడా లేదు."

సాయంత్రం తిమ్మయ్య అరుగు మీద దొరికాడు. యాభై ఐదేండ్లు, తెల్లపంచె, పీక్కుపోయిన ముఖం.

"నా చేన్లో దొంగతనంగా తవ్వినాడు. చచ్చినోన్ని ఏమంటాంలే" అన్నాడు.

"శుక్రవారం మీరు యాడున్నారు?"

"పొద్దున ఏడింటి బస్సుకు కోయిలకుంట్లకు పోయినా, మందుల కోసరం. దీపాలు పెట్టే యాలకు వచ్చినా. చేను తట్టు పోనే లేదు."

"జ్ఞానరాజు ఎప్పుడూ ఊర్లోనే ఉండేవాడా?"

"యాడిది. ఆరేండ్లు బెంగుళూరులో బేల్దారి పని. పోయినేడు వచ్చినాడు."

"ఆ ఆరేండ్లూ చేను ఎవరు చూశారు?"

తిమ్మయ్య కండువా భుజం మార్చుకున్నాడు. "బీడు పడిండె" అన్నాడు.

*

బుధవారం పొద్దున జయపాల్ అడిగితే సీఐ అందరినీ చేను దగ్గరికి రప్పించాడు. నమ్మకం లేకపోయినా వచ్చాడు. హర్షవర్ధన్ భూనేత్ర తెచ్చాడు, వీడియో తీయడానికి ఒక మనిషిని కూడా తెచ్చాడు. సుబ్బయ్య తన పేరులేని మిషన్ తెచ్చాడు. తిమ్మయ్య, రామసుబ్బమ్మ ఒక పక్క. ప్రేమమ్మ ఒక్కతే ఇంకో పక్క.

"ముందు నడిమి రాయి చుట్టూ తిప్పండి" అన్నాడు జయపాల్.

రెండు మిషన్లూ తిరిగాయి. రెండూ మాట్లాడలేదు.

"ఇప్పుడు గుంత పక్కన మట్టి మీద."

రెండూ ఒకేసారి కూశాయి. భూనేత్ర తెర మీద పసుపురంగులో 'బంగారం' అని పడింది. హర్షవర్ధన్ మనిషి ఫోను దగ్గరికి జరిపాడు.

జయపాల్ వంగి నల్లటి గడ్డ తీశాడు. "మీ బంగారం ఇది. చిట్టెం. కొలిమిలో ఇనుము కాలాక మిగిలేది. మూడు లక్షల ఇరవై వేల మిషన్ దీన్ని బంగారం అంటోంది. నలభై ఐదు వేలది ఊరికే అరుస్తోంది. రెండూ చూసింది ఇనుమునే."

ఫోను పట్టుకున్నవాడు చెయ్యి దించాడు.

"సీఐ గారూ, ఈ సీమలో పాతకాలం వాళ్లు హద్దురాయి పాతేటప్పుడు గుంతలో ముందు బొగ్గు, చిట్టెం వేసేవాళ్లు. అవి కుళ్లవు. రాయిని ఎవడైనా జరిపినా అసలు హద్దు యాడుందో చెబుతాయి. ఈ నడిమి రాయి కింద చిట్టెం ఉండాలి. లేదు. ఎనిమిది అడుగుల అవతల, ఉత్త నేల కింద ఉంది."

యామిని, ఒక కానిస్టేబుల్ దారం పట్టుకొని రోడ్డు దగ్గరి రాయి నుంచి వంక దగ్గరి రాయికి లాగారు. దారం గట్టు వంపును వదిలేసి, తిన్నగా గుంత మీదుగా పోయింది.

"జ్ఞానరాజు ఊర్లో లేని ఆరేండ్లలో రాయి జరిగింది. గట్టు కూడా జరిగింది. శుక్రవారం ఆయన భార్య కమ్మ వెతుక్కుంటూ వచ్చాడు. గట్టుకు అటూ ఇటూ తిప్పుతుంటే మిషన్ ఇక్కడ కూసింది. కమ్మేమో అని తవ్వాడు. వాళ్ల నాయన వేసిన బొగ్గు బయటపడింది. అది నలుగురికీ తెలిస్తే నష్టపోయేది ఒక్కరే."

"నేను ఊర్లోనే లేనప్పా" అన్నాడు తిమ్మయ్య. గొంతు మామూలుగానే ఉంది.

"నిధి కోసం చంపారని నమ్మించడానికి గుంతలో కుండ పగలగొట్టారు. మసి కుండ. మసి మీద సున్నం చుక్క." జయపాల్ పెంకును రామసుబ్బమ్మ ముందు పెట్టాడు. "ఇది ఎవరిదమ్మా?"

ఆమె పెంకును తీసుకొని తిప్పి చూసింది. "మాదే. శుక్రవారం మధ్యాహ్నం నేనే చుక్కలు పెట్టి…" అని మొగుని ముఖం చూసి ఆగిపోయింది.

"మధ్యాహ్నం దాకా ఆ కుండ మీ పొయ్యి మీద ఉంది. ఎవరి చేతికి ఇచ్చావు?"

ఆమె పెంకును కొంగు కింద పెట్టుకుంది. తిమ్మయ్య నేల మీద కూర్చున్నాడు.

"ఏడింటి బస్సు ఎక్కిన మనిషి మధ్యాహ్నం ఇంట్లో కుండ ఎట్లా తీసుకున్నాడు?" అన్నాడు జయపాల్.

తిమ్మయ్య కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కుండ బోర్లించేదానికి వచ్చినా. వాడు గుంతలో చెయ్యి పెట్టి కూసోనుండాడు. తల ఎత్తి, 'మామా, ఇది మా నాయన ఏసిన బొగ్గు. రాయి ఎవరు జరిపినారు మామా?' అన్యాడు. కోపంగా గూడా అనలే. ఊర్లో నలుగురి ముందర అదే మాట అంటే నా మర్యాద ఏం గావాల అనుకుంటి. గడ్డపార ఆడనే ఉండె."

"మిషన్?"

"నా బాయిలో ఉండాది."

ప్రేమమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "నీ మర్యాద ఎంతుండాది తిమ్మయ్యా?" అని అడిగింది. "చెప్పు. మూడు సెంట్ల భూమేనా?"

సీఐ తిమ్మయ్య చెయ్యి పట్టుకొని లేపాడు.

మధ్యాహ్నానికి బావిలోంచి మిషన్ తీశారు. సుబ్బయ్యది. రెండు రోజుల్లో ఆయన దాని ధర అరవై ఐదు వేలు చేశాడు. హర్షవర్ధన్ కొత్త కరపత్రం వేశాడు. 'హంతకుడిని పట్టించిన భూనేత్ర' అని ఉంది. ఆ వారం ఎర్రదిన్నె చుట్టుపక్కల పల్లెల్లో ఎవరెవరో వచ్చి పదకొండు హద్దురాళ్ల కింద తవ్వి పోయారు.

*

కాగితాలు తెమిలేసరికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. అరుణ్ కుమార్ కడప జైలు గేటు దాటి వచ్చేటప్పుడు జయపాల్, యామిని కారు దగ్గర ఆగిపోయారు. ప్రేమమ్మ ఒక్కతే ఎదురుపోయింది.

అతను చిక్కిపోయాడు. అక్కను చూసి, చూపు దించాడు.

"తిన్యావా?" అంది ఆమె.

"తింటి." కాసేపు కాళ్లతో మట్టిని గీశాడు. "బావను యాడ పెట్టినారక్కా?"

"వేపచెట్టు తట్టు. మా మామ పక్కన."

"అందరూ ఏసినారా మన్ను?"

"ఏసినారు. నీ యజమాని వచ్చి ఏసినాడు. తిమ్మయ్య గూడా వచ్చి ఏసినాడు."

అరుణ్ కుమార్ రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. "నేనే ఎయ్యలేదు" అన్నాడు.

ప్రేమమ్మ అతని మోచేయి పట్టుకుంది. "పైన మన్ను ఇంకా వదులుగానే ఉండాదిలే. సాయంత్రానికి చేరుకుంటాం, పా. నువ్వు గూడా ఏద్దువులే."

ఇద్దరూ కారు వైపు నడిచారు. యామిని వెనక తలుపు తెరిచి పట్టుకుంది. బండి ఎర్రదిన్నె దారి పట్టింది.