నీలం చెరగని టూల్

"జారిపోతోందండీ."

మెకానిక్ గుడ్డ చుట్టిన టూల్‌ని బల్ల మీద పెట్టాడు. ఇలా తిరిగి రావడం ఇది మూడోసారి.

ఆమె ఇనుము చెక్కే లేత్ ఆపి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసింది. "ఎక్కడ జారుతోంది?"

"అదే... పైన."

"పోయినసారి కింద అన్నారు!"

"అప్పుడు కిందండీ. ఇప్పుడు పైన." ఆమె వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు. "మీ లేత్ బాగుందండీ. వస్తాను సార్." ఆ సార్, వెనక కుర్చీలో ఉన్న ఆమె నాన్న.

లేత్ బాగుందట! సరుకు మొహాన కొట్టి మరీ మెచ్చుకోలు. ఆమెకి ఒళ్ళు మండింది.

అతను బాగుచేసేవన్నీ పాతకాలం బైకులు. వాటి ముందు చక్రాన్ని పట్టుకునే రెండు ఫోర్కు గొట్టాల్లో పొడుగాటి స్ప్రింగు, దాని మీద మూత, మూతని ఆపుతూ ఒక తీగ రింగు ఉంటాయి. మూతని గట్టిగా అదిమితేనే రింగు ఊడుతుంది. ఊడాక పట్టు వదిలితే మూత ఎగిరి మూతి పగలగొడుతుంది. ఒకరు అదమాలి, ఒకరు రింగు తియ్యాలి. షెడ్డులో అతనొక్కడే. అందుకే గొట్టానికి బిగించి, మర తిప్పుతూ మూతని అదిమే టూల్ ఆమె చేత చేయించుకున్నాడు.

అతను వెళ్ళాక నాన్న గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, ఇంకొక్కసారి తిరిగొచ్చిందంటే లేత్ మీ చిన్నాన్నకి అప్పజెప్పేస్తా. షాపు పరువు పోతోంది."

ఆ లేత్ ముందు నిలబడడానికి ఆమె ఇంటిల్లిపాదితో పోట్లాడింది.

"అన్నట్టు, వీధిలో కుర్రాళ్ళంతా నన్ను బాబాయ్ అంటారు. వీడొక్కడే సార్ అంటాడేం?"

"ఏదో దాస్తున్నాడు నాన్నా."

ఆమె అనుమానం ఇవాళ్టిది కాదు. పోయినసారి టూల్ ఇచ్చేముందు, లోహం మీద గుర్తులు పెట్టుకునే నీలం రంగు మర మీద పల్చగా పూసింది. ఒక్కసారి తిప్పినా చెరిగిపోవాలి. ఇప్పుడు గుడ్డ విప్పి చూస్తే, పూసింది పూసినట్టే ఉంది.

వాడకుండానే జారిందా? అంటే చవగ్గా ఇంకోటి చేయించుకోవడానికి కొలతలు తీసుకుని పక్కవీధి లేత్ వాళ్ళకి చేరవేశాడన్నమాట! టూల్ పట్టుకుని బయటపడింది. చినుకులు మొదలైనా లెక్కచెయ్యలేదు. నాన్న గొడుగు వెతుక్కుని వెనకాలే బయల్దేరాడు.

షెడ్డులో మెకానిక్ పెద్ద స్క్రూడ్రైవర్ మీద ఛాతీ ఆనించి మూతని అదుముతూ, రెండో చేత్తో అప్పుడే రింగు ఊడదీశాడు. గడ్డం మీద ప్లాస్టర్ ఉంది.

"ఎవరికిచ్చావ్ కొలతలు?"

అతను ఉలిక్కిపడ్డాడు. మూత ఠప్పున లేచి, చెవి పక్కనుంచి దూసుకెళ్ళి పైకప్పు రేకుకి తగిలింది.

"కొలతలా? ఎవరికండీ?"

"మరి ఈ నీలం చెరగలేదేం?"

అతను మరని చూశాడు. మొహం వేలాడేశాడు. "ఈసారి చుట్టిన గుడ్డ కూడా విప్పలేదండీ."

"మొదటిసారి?"

"మొదటిసారే భేషుగ్గా పనిచేసింది. ఆ మాట చెప్పేస్తే మళ్ళీ ఏ వంకతో మీ షాపుకి రాను? మీరంటే ఇష్టమండీ."

వాన జోరందుకుంది. ఆమెకి సంతోషమేసింది. మరుక్షణం అంతకు రెట్టింపు కోపమొచ్చింది.

"నీ వంక వల్ల నా లేత్ పోతోంది, తెలుసా?"

అతను తెల్లబోయాడు. గుమ్మంలో గొడుగు దులుపుతున్న నాన్న ఎదుటికి వెళ్ళి నిలబడ్డాడు.

"సార్, టూల్‌లో ఏ లోపమూ లేదు. నేనే అబద్ధాలాడాను. లేత్ ఆమె దగ్గరే ఉండనివ్వండి. కావాలంటే ఇంకెప్పుడూ మీ గడప తొక్కను."

"ముందు పనిచేస్తుందేమో చూపించు."

అతను రెండో గొట్టానికి టూల్ బిగించి మర తిప్పాడు. మూత దిగింది. రింగు ఊడింది. మర వెనక్కి తిప్పుతుంటే స్ప్రింగు బుద్ధిగా పైకొచ్చింది. నాన్న వంగి మరని చూశాడు. నీలం అక్కడక్కడా మాత్రమే మిగిలింది.

"లేత్ అమ్మాయిదే," అన్నాడు. తర్వాత మెకానిక్ వైపు తిరిగాడు. "ఇకనుంచి అందరిలాగే నన్ను బాబాయ్ అను."

మెకానిక్ "బా..." దగ్గరే ఆగిపోయాడు. ఆమె వంక దిక్కుతోచనట్టు చూశాడు.

నాన్న ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మీసాల్లో నవ్వుకున్నాడు. "ఇదా సంగతి! పద అమ్మాయ్, ఇంటికి."

"ఈ స్ప్రింగులు మళ్ళీ లోపల పెట్టాలిగా. అతను అదుముతాడు, నేను రింగు వేస్తా."

"టూల్ ఉందిగా?"

ఆమె టూల్‌ని మెల్లిగా వీపు వెనక దాచేసింది.

"జారుతోంది నాన్నా."