బుడగల్లో పిలుపు

మారేడుకోన రాజ్యంలో కలప కోసం అడవికి వెళ్ళిన పడుచువాళ్ళు ఒక్కొక్కరే మాయమైపోతున్నారు. అక్కడి రాక్షసుడు వాళ్ళను పుచ్చు దుంగలుగా మార్చేస్తున్నాడు. పొద్దు వాలితే ఆ దుంగల మూలుగు ఊళ్ళోకి వినిపించేది. పిల్లలు ముసుగు తన్నేవారు, పిల్లలకు తోడంటూ పెద్దలూ ముసుగు తన్నేవారు.

నూకాలు తరిణె మీద కొయ్యను గిర్రున తిప్పుతూ బొమ్మలు చెక్కే పిల్ల. ఒకనాడు ఆమె అన్న పైడయ్య కూడా తిరిగి రాలేదు. ఇక ఎవరు చెప్పినా వినకుండా, చేతి తరిణె, ఉలి, గుగ్గిలం, నూనె, రంగులు మూటగట్టి భుజాన వేసుకుని అడవి దారి పట్టింది.

నీడల్లేని తోడేళ్ళు అడ్డొస్తే గుగ్గిలం పొగ వేసి తరిమింది. బూడిద వాగు నడుందాకా మింగేస్తే కొమ్మ పట్టుకుని పాకింది. చివరికి రాక్షసుడి గుహ చేరింది.

వాడు మూరెడు దుంగను ఆమె ముందుకు దొర్లించాడు.

"ఇడుగో మీ అన్న! బొమ్మగా చెక్కితే మనిషవుతాడు. ఒక్క పెళ్ళ ఊడిందా, వాడి పని సరి. వచ్చినవాళ్ళంతా ముట్టుకుని చూసి పారిపోయారు."

దుంగ గోటికే రాలేలా ఉంది. అయినా పుచ్చుకొయ్యను గట్టిపరిచే పద్ధతి నూకాలుకు తెలుసు. ముందు సెగ దగ్గర తడి అంతా ఆర్చింది. గుగ్గిలం కరిగించి, నూనెతో పలచన చేసి, ఎంత లోతుకు దిగిందో తెలియడానికి నీలిరంగు కలిపి, దుంగను అందులో ముంచి కర్రతో అదిమిపట్టింది. లోపలి గాలి బయటికి పోతేనే గుగ్గిలం లోపలికి దిగుతుంది.

బుడగలు లేచాయి. పగిలిన ప్రతి బుడగలోనూ పైడయ్య గొంతే.

"చెల్లీ, ఊపిరాడ్డం లేదే! పైకి తియ్యవే!"

ఆమె కర్ర పట్టు కాస్త సడలించింది.

"తియ్యమ్మా పాపం," అన్నాడు రాక్షసుడు జాలి నటిస్తూ. "తోడబుట్టినవాణ్ణి ముంచేస్తావా?"

సగంలో తీస్తే నడుమ బోలుగా మిగిలిపోతుంది. ఉలి తగలగానే పగులుతుంది. నూకాలు వెక్కివెక్కి ఏడుస్తూనే రెండు చేతులా అదిమింది. పిలుపులు సన్నగిల్లాయి. ఆఖరి బుడగ "అమ్మా" అని పగిలింది. ఆ తర్వాత ఏమీ వినబడకపోవడానికే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది. అయినా దుంగ గుగ్గిలాన్ని తాగినంత తాగేదాకా అక్కడే కూర్చుంది.

వేడి బూడిదలో గట్టిపరిచి తరిణెకెక్కించింది. నీలిరంగు నడిమధ్య దాకా పట్టింది, ఒక్క పెళ్ళ ఊడలేదు. బొమ్మకు కళ్ళు తీర్చగానే రాక్షసుడు పొగై చెదిరిపోయాడు. పైడయ్య దగ్గుతూ లేచాడు.

"అంతలా అరిస్తే నీకు వినబళ్ళేదటే?"

"ప్రతి మాటా వినబడింది అన్నయ్యా. నువ్వు పిలుస్తున్నావంటే లోపల ఇంకా గాలుందని భయపడ్డాను."

తర్వాత ఇద్దరూ మిగిలిన దుంగలను ఊరికి చేర్చారు. రాజు ఎదురొచ్చి, ఆ అడవినంతా నూకాలు ఏలుబడికి ఇచ్చాడు.

ఊళ్ళోవాళ్ళు తమ తమ దుంగలను గుగ్గిలంలో ముంచసాగారు. మొదటి దుంగ అరవగానే దాన్ని అదుముతున్న తల్లి కర్ర వదిలేసి చెవులు మూసుకుంది. పైడయ్య కర్ర అందుకున్నాడు.

"నేను పడతానమ్మా. లోపలున్నవాడికి భయమేస్తుంది, అంతే. చావడు."

సాయంత్రానికి నూకాలు చెక్కడం ముగించగానే ఆ తల్లి కొడుకు దగ్గుతూ లేచి, అన్నం పెట్టమన్నాడు.