తిన్నె కోసిన దారి

చీకటి పడిందంటే ఆ గండిలోంచి ఎవరూ నడవరు. కాళ్లు పీకినా సరే, రోడ్డు మీదుగా చుట్టూ తిరిగే వెళ్తారు. అక్కడ ఇసుకలో ఏదో పాకుతుందట... గుసగుసలాడుతుందట.

ఒకప్పుడు అక్కడ గండి లేదు. ఇంటెత్తు ఇసుక తిన్నె, దాని ఒంటినిండా ఊదాపూల తీగ. ఆ వేళ్లు ఇసుకను గుప్పిట పట్టి ఉంచేవి. ఒడ్డుకి కార్లు దిగాలని ఎవరో తీగ పీకి, తిన్నె కోసి దారి వేశారు. అంతే — మిగతాది గాలి కొరుక్కు తింది. తుపాను రోజు సముద్రం ఆ సందులోంచే ఊళ్లోకొచ్చింది. ఐసు వ్యాను డ్రైవరు కూతుర్ని పట్టుకుపోయింది.

ఆ డ్రైవరే, ఓ రాత్రి వ్యాను మొరాయిస్తే నడిచి వస్తున్నాడు. పైన ఉరుము. దగ్గర దారి ఒక్కటే...

గండి మధ్యకొచ్చేసరికి వినిపించింది.

"పట్టుకో... వదలకు..."

టక్కున ఆగిపోయాడు. నీళ్లలో చెయ్యి జారిపోయే ముందు కూతురన్న మాట అది! ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు... కట్టుకున్నదానికి కూడా.

ఎదురుగా — జుట్టు విరబోసుకుని, మోకాళ్ల మీద ఒక ఆకారం. ఇసుక తవ్వుతోంది. పూడుస్తోంది. అరచేత్తో మెల్లగా తడుతోంది, పసిబిడ్డను జోకొట్టినట్టు...

అది వెనక్కి తిరిగి చూసింది.

భార్య!

పక్కన నీళ్ల బిందె, తడిగోనెలో తీగముక్కలు.

"నువ్వా... గుండాగిపోయిందే! ఈ నాటేదేదో పగలు నాటుకోకూడదూ?"

"పగలైతే పిచ్చిదని నవ్వుతారు, నాటినవన్నీ తొక్కేస్తారు. దయ్యముందనుకుంటే ఎవరూ ఇటు రారు. నాలుగు వేళ్లు దిగనీ..."

అతను కూలబడ్డాడు. ఇన్నాళ్లూ దాచిందంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"నేనే వదిలేశానే... 'పట్టుకో నాన్నా, వదలకు' అంటూనే ఉంది. నా చెయ్యే జారిపోయింది."

ఆమె అతని చేతిలో ఓ తీగముక్క పెట్టి, ఆ చేతిని ఇసుకలోకి అదిమి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. ఇద్దరూ ఏడ్చారు — బిడ్డ పోయాక కలిసి ఏడవడం అదే మొదలు.

చివరికి అతనే అడిగాడు.

"ఇందాక తీగతో నువ్వూ అదే అన్నావు... ఆ మాట నీకెలా తెలుసు?"

ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను నోరే విప్పలేదు," అంది గుసగుసగా. "నా వెనకనుంచి నువ్వే అన్నావనుకున్నా..."