ఇద్దరి అలవాట్లు నేర్చుకున్న బండి

తెల్లవారి ఐదున్నరకి ఆ కారు చప్పుడు లేకుండా గేటు దాటేది. అందులో కొత్త టెక్నాలజీ ఏమీ లేదు. వెనక నుంచి రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన తోసేవాడు, అంతే. లోపల ఆయన భార్య, ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుని కూర్చునేది. ఇంజన్ స్టార్ట్ చేస్తే మేడ మీద నిద్రపోతున్న కూతురు లేస్తుంది. కారు ఆ కూతురిదే. కొని మూడు నెలలైంది. ఈ తోపుడు సంగతి మాత్రం ఆమెకి తెలియదు.

"ఏవండీ, ఇవాళ నేను తోస్తాను. మీరు ఎక్కండి. మోకాళ్ళు అరిగిపోతాయి."

"ఎక్కితే తోలాలనిపిస్తుంది. నువ్వే ఉండు," అన్నాడాయన.

సందు చివర మూతపడ్డ గోడౌను, దాని ముందు ఖాళీ స్థలం. అక్కడికి చేరాకే ఇంజన్ స్టార్ట్ చేసి, ఇంటికొచ్చేటప్పుడు అక్కడే ఆపేసేవాళ్ళు. నాలుగు ఖాళీ పెయింటు డబ్బాలు వరసగా పెట్టి ఆయన పక్క సీట్లో కూర్చునేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆయన బస్సు కింద ఒక్క కోడిపిల్ల కూడా పడలేదు. పడదామని వచ్చినవి సైతం ఆ హారన్ విని, మనసు మార్చుకుని, ఇళ్ళకి వెళ్ళిపోయేవని డిపోలో చెప్పుకునేవాళ్ళు.

"మలుపొస్తోంది. ఏం చెయ్యాలి?"

"న్యూట్రల్‌లోకి తెచ్చి, తిప్పి, మళ్ళీ గేర్లో వెయ్యాలి."

"శభాష్."

అది ఆటోమేటిక్ బండి. గేర్లు తనే మార్చుకుంటుంది. ఆయనకి ఆ సంగతి తెలుసు. కానీ జీవితమంతా చేత్తో గేర్లు వేసిన మనిషికి, బండి తనంతట తనే గేరు వేసుకుంటుందంటే నాలుగేళ్ళ పిల్లాడు తనే స్నానం చేసేశానని చెప్పినట్టుండేది. పక్కనుండి చూసుకోవాలి కదా అనుకునేవాడు. అందుకే ప్రతి మలుపులో, ప్రతి బ్రేకుకీ, నడుస్తున్న బండిని భార్యచేత న్యూట్రల్‌కీ గేర్‌కీ మధ్య తిప్పించేవాడు. రోజుకి రెండు వందల సార్లు. ఆ గేర్‌బాక్సుకి నోరుంటే మొదటివారమే ఏడ్చి ఉండేది.

కారు ఇంటికొచ్చిన రోజు పొద్దున్నే ఆయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చాడు. చూపు పక్కల నుంచి మూసుకొస్తోందన్నాడు డాక్టరు. పోయినది తిరిగి రాదు, మిగిలినది చుక్కల మందుతో వీలైనన్నాళ్ళు కాపాడుకోవాలి, బండి మాత్రం ఇక ముట్టుకోవద్దు అన్నాడు. సాయంత్రం కూతురు తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇన్నేళ్ళూ పరాయి బండే తోలావు నాన్నా. ఇది మనది. నీ ఎడమ మోకాలి కోసం క్లచ్ లేనిది చూసి కొన్నాను. ముందు నువ్వే తోలాలి," అంది. ఆయన తాళం వైపు చాలాసేపు చూసి, "కొత్త బండి కదమ్మా, కొంచెం టైమివ్వు," అన్నాడు.

ఆ రాత్రి భార్యకి ఒక్కదానికే చెప్పాడు. "నాకు కనపడినన్నాళ్ళే నీకు నేర్పగలను. నువ్వు తప్పు చేస్తే నాకు కనపడాలి కదా." ఆవిడ ఏడవలేదు. పొద్దున ఎన్నింటికి లేవాలో అడిగింది. కూతురికి చెప్పకూడదని మాత్రం మాట తీసుకున్నాడు. దాని సంతోషం ఇంకొన్నాళ్ళు ఉండనీ అన్నాడు.

అలా మూడు నెలలు గడిచాయి. ఆవిడ ఇప్పుడు డబ్బాల మధ్య నుంచి బండిని నీళ్ళలా తీసుకుపోతోంది. రోడ్డెక్కడమే మిగిలింది.

ఆ రోజు టిఫిన్ దగ్గర కూతురు కంచం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా, "బండి మళ్ళీ కొట్టుకుంటోందమ్మా," అంది. ఆమె పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. వెంట్రుకలో సగం తేడా ఉన్నా కనిపెడుతుంది. ఊళ్ళో సగంమంది నవ్వులు ఆమె చేతిలోంచి వచ్చినవే. "రెండో గేరు నుంచి మూడో గేరుకి పోయేటప్పుడు ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఒక్క కుదుపు. నిన్న వంతెన దగ్గర సిగ్నల్లో అసలు కదల్లేదు. వెనకున్న వాళ్ళంతా హారన్లు కొడుతూ, నా చుట్టాలన్నట్టు పేరు పెట్టి పిలవడం ఒక్కటే తక్కువ."

"కొత్త బండి కదా, సర్దుకుంటుంది," అన్నాడాయన, గ్లాసులో చూపుడువేలు ముంచి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసుకుంటూ.

"సర్దుకోవడానికి అదేమన్నా కొత్త కోడలా నాన్నా? ఇవాళ సర్వీసు సెంటర్లో వదిలేస్తాను. బండి మార్చి ఇస్తారా, వెనక్కి తీసుకుంటారా, ఏదో ఒకటి తేలాలి."

వెనక్కి అన్న మాట వినగానే తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

సాయంత్రం కూతురు ఆటోలో దిగింది. చెప్పులు విడవకుండానే లోపలికొచ్చి, మడిచిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టింది.

"బండి మంచిదేనట. మన అలవాట్లే మంచివి కావట."

"అంటే?" అంది తల్లి.

"ఆ గేర్‌బాక్సు తోలేవాళ్ళ పద్ధతి చూసి నేర్చుకుంటుందటమ్మా. మనదాంట్లో ఇద్దరి పద్ధతులున్నాయట. ఒకటి నాది. ఇంకొకళ్ళు నడుస్తున్న బండిని పదే పదే న్యూట్రల్‌లో వేసి లాగుతున్నారట. రోజూ ఐదున్నర నుంచి ఆరున్నర దాకా. ఎవరి మాట వినాలో తెలియక అది కొట్టుకుంటోందట. మీ ఇంట్లో ఇంకెవరైనా తోలతారా మేడమ్ అన్నాడు ఆ మెకానిక్. లేరని అరిచాను. మా నాన్న బస్సు డ్రైవరు, బండి ఎలా చూసుకోవాలో నాకు చెప్పకండి అన్నాను. అక్కడున్న పదిమందీ నన్నే చూశారు. అప్పుడు ఈ కాగితం చేతిలో పెట్టాడు."

తల్లి ఆ కాగితాన్ని చప్పుడు కాకుండా ఇంకో మడత పెట్టింది. ఫ్యాను కూడా మర్యాదగా తిరిగింది.

"నాన్నా, నువ్వేనా?"

"నేనేనమ్మా," అన్నాడాయన. అనడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

తల్లి ఏదో అనబోయింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"మూడు నెలల నుంచి అడుగుతున్నాను," అంది కూతురు. "ఒక్కసారి తోలు నాన్నా, నీ పక్కన కూర్చుంటానంటే, రేపు, ఎల్లుండి అన్నావు. నాకు తెలియకుండా దొంగచాటుగా తీసుకెళ్తావా? ఎందుకు? నేను పక్కనుంటే నామోషీనా? నేను కొన్నదనా?"

"అబ్బే, అది కాదమ్మా..."

"ఊరందరినీ ముప్పై ఒక్క ఏళ్ళు మోశావు. నన్ను ఒక్కసారి ఎక్కించుకోలేకపోయావు. అంతేగా? సరేలే. ఆ రెండో తాళం ఇలా ఇచ్చెయ్. ఇక నీకు అక్కర్లేదు."

చెయ్యి చాచింది. ఆయన జేబులోంచి తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. కానీ చెయ్యి అక్కడ లేదు. జానెడు పక్కన ఉంది. తాళం గచ్చు మీద పడి గంటలా మోగింది.

ఆయన వంగాడు. తాళం ఆయన ఎడమ పాదం పక్కనే ఉంది. ఆయన వేళ్ళు మాత్రం కుడివైపు, బల్ల కాలి చుట్టూ వెతికాయి. తర్వాత మెల్లగా గచ్చంతా తడుముతూ ముందుకి వెళ్ళాయి.

వెంట్రుకలో సగం తేడా కనిపెట్టే ఆ అమ్మాయికి, మూడు నెలలుగా ఎదుట కూర్చుని అన్నం తింటున్న మనిషి కళ్ళు అప్పుడు కనిపించాయి.

"నాన్నా?"

"ఇక్కడే పడిందమ్మా, ఆగు, దొరుకుతుంది."

తల్లి ఇక ఆగలేకపోయింది. "చాల్లెండి! మీరు మాట తీసుకున్నారు, నేను మూడు నెలలు నిలబెట్టుకున్నాను. ఇక నా వల్ల కాదు." కూతురి వైపు తిరిగింది. "ఆయన ముట్టుకోలేదే. ఒక్కరోజు కూడా స్టీరింగ్ ముట్టుకోలేదు. తోలింది నేను. నీ బండిని పాడుచేసింది నేను. ఆయన కళ్ళు పోతున్నాయి. పూర్తిగా పోయేలోపు నాకు నేర్పాలని, ఈయన వెనక నుంచి తోస్తాడు, నేను లోపల కూర్చుంటాను. ఇదీ మా దొంగతనం."

కూతురు గచ్చు మీద కూలబడింది. తాళం తీసి తండ్రి చేతిలో పెట్టి, ఆ చేతిని అలాగే రెండు చేతులతో మూసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు తాళం ఇచ్చిన రోజే డాక్టరు చెప్పాడు తల్లీ," అన్నాడాయన. "పొద్దున ఆయన బండి వద్దన్నాడు. సాయంత్రం నువ్వు బండి తెచ్చావు. నీ మొహం చూసి... ఆ మొహానికి ఎలా చెప్పమంటావు?"

"చిన్నప్పుడు నాలుగు కుర్చీలు వరసగా వేసి బస్సాట ఆడేవాళ్ళం. నువ్వు డ్రైవరు, నేను కండక్టరు. ఏం చెప్పేవాడివి అప్పుడు?"

ఆయన తల వంచుకున్నాడు.

"వెనకున్న మనిషి చెప్పందే బండి కదలకూడదని చెప్పేవాడివి. నేను నిద్రపోతుంటే ఎలా కదిలించావు నాన్నా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరిచేతా తప్పని అనిపించుకోని డ్రైవరు, "తప్పేనమ్మా," అన్నాడు. అని, కూతురి భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ ఆదివారం బండి ఇంటికొచ్చింది. పాత అలవాట్లన్నీ చెరిపేశామని, ఇక మీరు నేర్పినట్టే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటుందని మెకానిక్ చెప్పాడు. బండి నడుస్తుండగా మీ అమ్మగారు లీవరు ముట్టుకోకపోతే చాలన్నాడు. ఈ మాట కూతురు చెప్పగానే, "మీ నాన్నకి కూడా చెప్పు," అంది తల్లి.

ఈసారి గేట్లోనే ఇంజన్ స్టార్ట్ చేశారు. తల్లి స్టీరింగ్ ముందు, తండ్రి పక్కన, కూతురు వెనక. తల్లి చేతికి ఎల్ బోర్డు ఇచ్చినా అద్దానికి అంటించుకోదేమోనని కూతురే ముందూ వెనకా రెండేసి అంటించింది. దూరం నుంచి చూస్తే కారు మొత్తం ఏదో పరీక్ష రాయడానికి వెళ్తున్నట్టుంది.

బ్రేకు నొక్కి తల్లి గేర్లో వేసింది. ఆయన చెయ్యి దానంతట అదే లీవరు మీదికి పోయింది.

"నాన్నా, చెయ్యి."

ఆయన చెయ్యి తీసి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

బండి కదల్లేదు. "ఏమైందమ్మా? బ్రేకు వదులు," అంది కూతురు.

తల్లి ముందుకే చూస్తూ, "వెనక నుంచి చెప్పాలిగా," అంది.

కూతురు అద్దం దించింది. తలుపు మీద వేళ్ళతో రెండుసార్లు తట్టింది. "రైట్... రైట్."

సందు దాటారు. గోడౌను దాటారు. మొదటిసారి పెద్ద రోడ్డెక్కారు. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. వంతెన ఎక్కుతుండగా, "పడింది. మూడో గేరు," అన్నాడు. కుదుపు లేదు. ఆయన చెప్పకపోతే ఆ ఇద్దరికీ తెలిసేదే కాదు.

"ఎలా తెలిసింది నాన్నా?"

"చెవుల గురించి ఆ డాక్టరేమీ అనలేదుగా."

ఆయన కళ్ళు తెరిచి రోడ్డు వైపు చూశాడు. వంతెన దిగుతుంటే ఎడమపక్క నుంచి సైకిలు ఒకటి అడ్డం వచ్చింది. తల్లి మెత్తగా బ్రేకు వేసింది. సైకిలు వెళ్ళిపోయింది. బండి మళ్ళీ కదిలింది.

ఆయన తల తిప్పి, వెళ్ళిపోయిన సైకిలు వైపు చూశాడు. తర్వాత మూడు నెలల్లో మొదటిసారి ఆ మాట పైకి అన్నాడు.

"నాకు కనపళ్ళేదు."

"నాకు కనపడింది," అన్నారు ముందు నుంచి ఒకరూ వెనక నుంచి ఒకరూ, ఒకేసారి.